మోకాళ్లు మడవలేని మా అత్తయ్యగారికి రెండున్నర లక్షల్లో కారు

ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉండి, చేతిలో రెండున్నర లక్షలకి మించి లేకపోతే సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ వెతుక్కోండి. నేను కొన్నది 2014 పెట్రోలు వీఎక్స్ఐ, ఏపీ 37 నంబరు, సింగిల్ ఓనర్. తణుకులో రిటైరైన ఒక ఉద్యోగి దగ్గర 2 లక్షల 40 వేలకి బేరం కుదిరింది. ఊళ్లో నలుగురూ వెనక్కి తిరిగి చూడాలనుకునేవాళ్లకి ఈ బండి పనికిరాదు. మా మరిది చూడగానే "ఇదేం డబ్బా వదినా" అన్నాడు. డబ్బా కాబట్టే కొన్నానని చెప్పాను. డోరు నిటారుగా ఉంటుంది, టాపు ఎత్తుగా ఉంటుంది, సీటు మనిషి కూర్చునే ఎత్తులో ఉంటుంది. మాకు కావలసింది అదే.

మాది పాలకొల్లు. లేడీస్ టైలరింగ్ షాపు నాది. మా ఆయన కువైట్‌లో ఉంటారు కాబట్టి బండి చూడడం, బేరమాడడం, నడపడం అన్నీ నా మీదే. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఎడమదానికీ చేయించుకోమంటే "ఉన్న ఒక్కటైనా నాది ఉండనీవే" అంటారు. డాక్టరుకి చూపించుకోవడానికి భీమవరం వెళ్లాలి. కార్తీక సోమవారం క్షీరారామంలో దీపం పెట్టాలి. చించినాడ వంతెన దాటి రాజోలు పక్కనున్న కూతురింటికి వెళ్లాలి. ఇన్నాళ్లూ ఆటోలే. ఆటోలో కాలు పెట్టే చోటు ఎత్తు. లోపల సీటుకీ ముందు రాడ్డుకీ మధ్య కాలు తిప్పే చోటుండదు. ఎక్కేటప్పుడు ఇద్దరం, దిగేటప్పుడు ముగ్గురం పట్టుకోవాలి.

కార్లు చూడ్డానికి బయల్దేరేముందు ఇంట్లో అత్తయ్యగారిని కొలిచాను. మెడలో టేపు ఎలాగూ ఉంటుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలి మడత నుంచి నేలకి 15 అంగుళాలు. నిలబడితే తొడ మొదలు నుంచి నేలకి 26. ఇంట్లో ఏ కుర్చీలోంచి తనంతట తను లేస్తున్నారో, దేంట్లోంచి చెయ్యి పట్టుకుని లేపాల్సి వస్తోందో అది కూడా చూశాను. 18 అంగుళాల ప్లాస్టిక్ కుర్చీలోంచి కష్టం. 21 అంగుళాల చెక్క మంచం మీంచి సులువు. అంటే కారు సీటు 21కి తగ్గకూడదు, 26 దాటకూడదు. తగ్గితే మోకాలు బాగా మడవాలి, దాటితే ఎగిరి ఎక్కాలి. రెండూ ఆవిడ వల్ల కావు. మీ ఇంట్లో మనిషి పొడుగును బట్టి ఈ లెక్క మారుతుంది. ఆరడుగుల మామయ్యగారికైతే నేను వద్దన్న బండ్లు కొన్ని చక్కగా సరిపోతాయి.

ఒక్క సీటు ఎత్తు చూస్తే చాలదు. మోకాళ్ల నొప్పులవాళ్లు మనలా కాలు ముందు లోపల పెట్టి ఎక్కరు. డోరుకి వీపు తిప్పి నిలబడతారు, సీటు అంచు మీద కూర్చుంటారు, తల వంచి లోపలికి తీసుకుంటారు, ఆఖర్న కాళ్లు ఒక్కొక్కటీ లాక్కుంటారు. కాబట్టి డోరు గడప వెడల్పు చూడాలి. గడప లావుగా ఉంటే సీటు లోపలికి పోతుంది, నడుం దూరంగా విసరాలి. డోరు పైఅంచు చూడాలి, ముందు అద్దం వైపు అది బాగా వాలి ఉంటే తల తగులుతుంది. సీటు ముందు అంచుకీ డోరు ముందు స్తంభానికీ మధ్య సందు చూడాలి. ఆపరేషన్ అయిన కాలు సగమే మడుస్తారు కదా, చెప్పుతో సహా పాదం ఆ సందులోంచి దూరాలి. ఇవేవీ పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. వాళ్లు చెప్పేది టైర్లు కొత్తవి, మ్యూజిక్ సిస్టమ్ ఉంది, ఇంజన్ సీల్ ఊడలేదు, అంతే.

ఆల్టో అందరూ చెప్పారు. చవక, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, మా వీధిలోనే మూడున్నాయి. అత్తయ్యగారు కూర్చుని, "అమ్మాయ్, నూతిలోకి దిగినట్టుందే" అన్నారు. పైకి లేపడానికి నేనూ, బండి ఓనరు భార్యా చెరో రెక్కా పట్టుకున్నాం. ఆల్టో 800 ఎత్తు 1475 మిల్లీమీటర్లు. 2019లో వచ్చిన వ్యాగనార్ ఎత్తు 1675. దాదాపు ఎనిమిది అంగుళాల తేడా. పాత వ్యాగనార్లూ ఆ ఎత్తువే. నొప్పి ఉన్న మోకాలికి ఆ తేడా చాలా పెద్దది. స్విఫ్ట్ నడపడానికి నాకు ఎంతో ఇష్టం. కానీ సీటు కిందికి, టాపు వాలుగా. డోరు దగ్గర నిలబెట్టగానే ఆవిడే తల అడ్డంగా ఊపేశారు.

నానో గురించి రెండు ముక్కలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం దాన్ని ఉత్తినే నవ్వి వదిలేస్తారు. 2009లో లక్ష రూపాయల కారని వచ్చింది, 2018లో తయారీ ఆగిపోయింది. ఎక్కడం దిగడం వరకైతే నేను చూసినవాటిలో అది మొదటి వరసలో ఉంటుంది. ఇంజన్ వెనకుంది కాబట్టి ముందు కాళ్లకి చోటు బోలెడు, సీటు ఎత్తు, గడప సన్నం. అత్తయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుని, "ఇదే తీసుకో" అన్నారు. ధర కూడా లక్ష లోపే చెప్పాడు. నేనే ఆగాను. మొదట్లో వచ్చినవాటికి వెనక డిక్కీ తలుపు తెరుచుకోదు, సామాను వెనక సీటు మడిచి లోపల్నుంచే పెట్టాలి. ఆవిడ వాకర్ ప్రతిసారీ అలా తిప్పి పెట్టడం నా వల్ల కాదు. తెరుచుకునే డిక్కీ 2015లో వచ్చిన జెన్‌ఎక్స్ అనే నానో మోడల్‌కే ఉంది. పవర్ స్టీరింగ్ కూడా అంతకు ముందు ఏడాది ట్విస్ట్ మోడల్‌తోనే వచ్చింది. మా మెకానిక్ బాబాయ్‌ని అడిగితే, "సామాను తెప్పించాలంటే రోజులు పడుతుందమ్మా, బండి నా షెడ్డులోనే ఉంటుంది" అన్నాడు. ఊళ్లో తిరగడానికి మాత్రమే అయితే, మంచి జెన్‌ఎక్స్ దొరికితే, మొహమాటపడకండి.

శాంత్రో జింగ్ కూడా ఎక్కడానికి మంచిది. మన దేశంలో ఈ ఎత్తు టాపు కార్ల వరస మొదలైంది 1998లో వచ్చిన శాంత్రోతోనే, ఆ మరుసటి ఏడాది చివర్లో వ్యాగనార్ వచ్చింది. కానీ మాకు దొరికిన జింగులన్నీ 15 ఏళ్లు నిండబోతున్నవే. 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి. చవక బండి మీద ఆ ఖర్చు కలిపితే చవక కాదు. రిట్జ్ బాగా నచ్చింది. 2009 నుంచి 2017 దాకా అమ్మారు, సీటు ఎత్తు, వ్యాగనార్ కంటే బరువుగా, స్థిమితంగా నడుస్తుంది. మా బడ్జెట్‌లో దొరికినవి ఎక్కువ డీజిల్‌వి, మీటరు లక్ష దాటినవి. పెట్రోలు రిట్జ్ మంచిది కనబడితే నా మాట పక్కన పెట్టి అదే కొనండి.

ఈకో వెనక తలుపు పక్కకి జరుగుతుంది. సందుల్లో ఉండేవాళ్లకి అదో వరం. కానీ ముందు సీటు కింద ఇంజన్, దాని ముందు చక్రం బొడిపె. అడుగు పెట్టే చోట అదే అడ్డం. వెనక ఎక్కుదామంటే ఎత్తు. బొలేరో, ఇన్నోవాల సంగతి మా ఆడపడుచు ఎత్తింది, ఎత్తుంటే మంచిదే కదా అని. ఆటో ఎక్కలేని మనిషిని ఇన్నోవా ఎక్కించడానికి స్టూలు పట్టుకు తిరగాలి.

వ్యాగనార్ దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెబుతాను. తణుకులో ఆ ఇంటి ముందు బండి చదునుగా, సిమెంటు మీద ఉంది. ఎడమవైపు ముందు సీటు బాగా వెనక్కి జరిపి, సీటు వీపు కొంచెం వాల్చి, డోరు పూర్తిగా తీసి ఆవిణ్ణి వీపు తిప్పి నిలబెట్టాను. వెనక్కి చెయ్యి చాపితే సీటు తగిలింది. కూర్చున్నారు. సీటు అంచు సుమారు రెండడుగుల ఎత్తు. బండి సన్నం కాబట్టి గడప దాటి లోపలికి జరగాల్సిన పని లేదు. తల కొంచెమే వంచారు, జడ ముడి కూడా తగల్లేదు. కుడి కాలు లోపలికి వచ్చింది. ఎడమ కాలు దగ్గర ఆగి, డోరు పైన ఉన్న హ్యాండిల్ పట్టుకుని, వెనక్కి ఒరిగి లాక్కున్నారు. పాదానికీ స్తంభానికీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. ఇంకోసారి దిగి ఎక్కమన్నాను, ఒకసారి ఎవరైనా ఎక్కుతారు. రెండోసారీ ఎక్కి, "ఏసీ వెయ్యవే, ఎండగా ఉంది" అన్నారు. అప్పుడు బేరం మొదలుపెట్టాను. ఆ హ్యాండిల్ కొన్ని తక్కువ మోడళ్లలో ఉండకపోవచ్చు, చూసుకోండి.

చదును మీద ఒకసారి, గట్టు రోడ్డు మీద ఒకసారి ఎక్కించి చూడమంటాను. మన డెల్టాలో సగం దారులు కాలవ గట్లే. ఎదురుగా లారీ వస్తే బండి అంచుకి దింపి ఆపుతాం. అంచున నేల ఎడమకి పల్లం. కూర్చునే మనిషి నిలబడేది ఆ పల్లంలోనే. ఇంటి దగ్గర సరిపోయిన సీటు అక్కడ నాలుగు అంగుళాలు ఎత్తవుతుంది. నేను 26 దాటకూడదన్నది అందుకే ఖచ్చితంగా పట్టుకున్నాను. ఇప్పుడు గట్టు మీద ఆపాల్సి వస్తే ముందు చదును వెతికి అక్కడే ఆపుతాను, వెనక హారన్లు కొట్టేవాళ్లు కొట్టుకుంటారు.

ఇక నీళ్లు. డెల్టాలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజన్ కంటే ముందు చూడాల్సింది ఇది. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరదకి లంక గ్రామాలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లతో పాటు బండ్లూ మునిగాయి. మునిగిన బండి కడిగి, పాలిష్ కొట్టి, సీటు కవర్లు మార్చి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. రోడ్డు పక్కన ఒక కన్సల్టెన్సీలో ఇలాంటి వ్యాగనారే నాకు చూపించారు. మా బండి కంటే ఏడాది కొత్తది, ధర ముప్పై వేలు తక్కువ. నేను సీటు బెల్టు మొత్తం చివరికంటా లాగాను. రోజూ వాడే ముక్క శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద మట్టి గీత, చీర అంచు నీళ్లలో తడిసి ఆరితే ఏర్పడే గీత ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. స్టెప్నీ గుంటలో మ్యాట్ ఎత్తితే మూలల్లో వండ్రు. సీటు పట్టాల బోల్టులు తుప్పు. "వానకి తడిసిందక్కా" అన్నాడు కుర్రాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం. కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి, ఏసీ వేసి ముక్కిపోయిన వాసన వస్తుందేమో చూడండి, ఫ్యూజు బాక్సు మూత తీయించండి.

సముద్రపు గాలి ఇంకో శత్రువు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండ్లకి డోర్ల అడుగున, గడపల కింద ఉప్పు తింటుంది. రొయ్యల చెరువుల మీద తిరిగిన బండ్లకీ అంతే. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే మెరుస్తూనే ఉంటుంది. మా షాపులో గుండుసూదులు ఏరడానికి ఒక అయస్కాంతం ఉంది. దానికి గుడ్డ చుట్టి తీసుకెళ్లి డోర్ల అడుగున ఆనించాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. మేం కొన్న బండికి వెనక ఎడమ డోరు అడుగున అరచేయంత మేర జారింది. అది చూపించి పదివేలు తగ్గించాను. ఓనరుగారు పాపం, ఆ సంగతి తనకే తెలియదన్నారు. అయి ఉండొచ్చు.

కాగితాల్లో మన వైపు ఒక ప్రత్యేకమైన తలనొప్పి యానాం. పీవై 04 నంబరు బండి చవగ్గా కనబడుతుంది, అక్కడ ట్యాక్సు తక్కువ. కానీ యానాం పుదుచ్చేరిది కాబట్టి అది వేరే రాష్ట్రం బండి కింద లెక్క. అక్కణ్ణుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. హైదరాబాద్ నుంచి చుట్టాలు ఇస్తామనే టీఎస్ బండికీ ఇదే వర్తిస్తుంది. ఏపీ 05, ఏపీ 37, 2019 నుంచి వచ్చిన ఏపీ 39, ఈ మూడింట్లో ఏదైనా ఆ గొడవ లేదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది. ఫైనాన్స్ ఉంటే దాన్ని ఆర్‌సీ మీంచి తీయించే ఫారం 35, బ్యాంకు క్లియరెన్స్ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30 మీద సంతకాలు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోగా మన పేరు మీదికి మార్పించుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. మాది 2014 బండి కాబట్టి ఆర్‌సీ 2029 దాకా ఉంది.

వాడుతున్నప్పటి సంగతులు. మైలేజీ ఊళ్లో 14, భీమవరం రోడ్డు మీద 17 దాకా ఇస్తోంది, ఏసీ ఆపకుండానే. స్టీరింగ్ తేలిక. బండి ఎత్తు, సన్నం కాబట్టి చించినాడ వంతెన మీద గాలి పక్క నుంచి కొడితే ఊగుతుంది, అక్కడ 50 దాటను. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు ఇరుకు. డిక్కీ 180 లీటర్లే. మడిచిన వాకర్ పట్టాలంటే వెనక సీటు ఒకవైపు మడవాలి. సీఎన్‌జీ వ్యాగనార్ చూస్తున్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోండి, ఆ డిక్కీలో సిలిండర్ కూడా ఉంటుంది, వాకర్ ఒళ్లో పెట్టుకోవాల్సిందే. అసలు లోటు ఎయిర్‌బ్యాగ్‌లు. మా దానికి లేవు. పెద్దావిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పే నాకు ఇది ప్రతిసారీ గుర్తొస్తుంది, అందుకే బెల్టు పెట్టందే తాళం తిప్పను.

కొన్నాక క్లచ్ ప్లేట్లు, ముందు జంపర్ల బుష్‌లు, బ్యాటరీ కలిపి పద్దెనిమిది వేలు అయింది. పాత బండి కొనేవాళ్లు ఇరవై వేలు పక్కన పెట్టుకోకుండా బేరానికి వెళ్లొద్దు.

నేను చేసిన ఒక చిన్న ఏర్పాటు మీకూ పనికొస్తుంది. గుడ్డ సీటు మీద చీర పట్టుకుంటుంది, ఒళ్లు తిప్పడం కష్టం. లంగా లైనింగ్‌కి వాడే శాటిన్ ముక్క రెండు పొరలుగా కుట్టి సీటు మీద వేశాను. దాని మీద కూర్చుంటే నడుం ఇట్టే తిరుగుతుంది. కాళ్లు లోపలికి వచ్చాక ముక్క లాగేస్తాను. అది అలాగే ఉంచి బ్రేకు వేస్తే మనిషి ముందుకు జారుతుంది. ఎడమ సీటు కింద ట్రే ఉంది, దాని స్థానం అక్కడే.

అత్తయ్యగారి మార్కులు వేరే ఉన్నాయి. ఎక్కడానికి పదికి తొమ్మిది, దిగడానికి ఎనిమిది, నా డ్రైవింగ్‌కి ఆరు.

నాలుగు లక్షల పైన పెట్టగలిగితే 2019 తర్వాతి వ్యాగనార్‌కి వెళ్లండి. డిక్కీ 341 లీటర్లు, వాకర్ సీటు మడవకుండానే పడుతుంది, డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ అన్ని మోడళ్లకీ ఉన్నాయి. లక్షన్నర లోపే అంటే జెన్‌ఎక్స్ నానో, లేదా ఆర్‌సీ ఇంకా మూడు నాలుగేళ్లు ఉన్న శాంత్రో. దేనికి వెళ్లినా ఆ కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. పొద్దున్నే కాకుండా పదకొండింటికి వెళ్లండి, అప్పటికి మోకాళ్ల బిగువు కొంచెం సడలి ఉంటుంది. సాయంత్రం మళ్లీ ఒకసారి, అలిసిపోయి ఉన్నప్పుడు కూర్చోబెట్టి చూడండి. ఆ రెండోసారికి ఒప్పుకోని కన్సల్టెన్సీలో కొనకండి.